స్కోరు చెప్పకూడని మ్యాచ్

హార్లన్స్ ఫెర్రీ, అలబామా
ఏప్రిల్ 5, 2020

చెల్లాయ్ ఓపల్,

నేను బాగానే ఉన్నాను. ఉత్తరంలో మొదటి వాక్యం ఇదే ఉండాలని మా ముసలివాళ్ళ హోమ్ మేనేజరు మిసెస్ టీగ్ హుకుం. మా ఉత్తరాలు కవరు అంటించకుండా ఆమె బల్ల మీద పెట్టాలి. చదివాక ఆమే అంటిస్తుంది. ఇళ్ళల్లోవాళ్ళు కంగారు పడకూడదట. ఆమె వాక్యం ఆమెకి ఇచ్చేశాను కాబట్టి ఇక నా మాటలు నేను రాసుకుంటాను.

ముందు తలుపుకి తాళం పడింది. బయటివాళ్ళు లోపలికి రారు, మేం బయటికి కదలం. భోజనాల గది మూసేసి ఎవరి గదికి వాళ్ళకి పళ్ళెం పంపుతున్నారు. మొక్కజొన్న రొట్టె నా దగ్గరికి చేరేసరికి ఇటుకలా బిగుసుకుపోతోంది. గది దాటితే అందరి మొహాలకీ మాస్కులు. నాకు అసలే చెవుడు, పెదాలు చూసి మాటలు పోల్చుకునేవాణ్ణి, ఇప్పుడు ఆ ఆసరా కూడా పోయింది.

వెనక వార్డు సంగతి నీకు తెలుసుగా, మతి తప్పినవాళ్ళని ఉంచే చోటు. కరోనా ముందు అక్కడే జొరబడింది. మాస్కు పెట్టుకోమంటే పాపం వాళ్ళకి తెలియదు, ఒకరి మంచం మీద ఒకరు వెళ్ళి పడుకుంటారు. పోయిన వారం అటునుంచి రెండు స్ట్రెచర్లు వెళ్ళాయి. ఆ ఇద్దరూ తిరిగి రాలేదు. ఈ ముక్క మిసెస్ టీగ్ కొట్టేయనక్కర్లేదు, ఊరి పేపర్లోనే పడింది. ఇప్పుడు ముందు వైపు ఉన్న మాలో ఎవరు కాస్త తడబడినా, పొద్దున ఏం తిన్నారో మరిచిపోయినా, వెనక్కి పంపేస్తారేమోనని అందరం బిక్కుబిక్కుమంటున్నాం. ఎనభై రెండేళ్ళు నిండాక చావంటే భయం ఉండదనుకున్నాను. ఉంది ఓపల్. పాతికేళ్ళప్పటి కంటే ఎక్కువే ఉంది.

సరే, మంచి సంగతి ఒకటి చెబుతాను. నిన్న శనివారం కహాబా, ఆల్డ్రిడ్జ్ కాలేజీల ఫుట్‌బాల్ మ్యాచ్ అయింది! ఎదురు గదిలో గ్రేడీ లోమాక్స్ ఉన్నాడు, నీకు గుర్తుండే ఉంటాడు, దాణా కొట్టు గ్రేడీ. యాభై ఏళ్ళుగా ఆల్డ్రిడ్జ్ అంటే పడిచస్తాడు. ఆ పాపానికి నరకంలో వాడి కోసం వాళ్ళ జట్టు రంగుదే, నారింజరంగు కుర్చీ వేసి ఉంచారు. టీవీలు పెట్టుకుని నేను నా గుమ్మంలో, వాడు వాడి గుమ్మంలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం.

“ఒరేయ్ హోలిస్, మీ పచ్చచొక్కాలోళ్ళు వానలో తడిసిన కోడిపిల్లల్లా ఉన్నార్రా!” అన్నాడు.

“మీవాడు పట్టుకుంది బంతా, సబ్బుముక్కా? చేతిలో నిలవట్లేదేందిరా!” అన్నాను.

అయినా మనమే ఓడాం. బంతి విసిరే మన కుర్రాడు రస్టీ బోగ్స్‌కి మోకాలు పట్టేసింది. వచ్చే శనివారానికి వాడి కాలు బాగుపడాలని ప్రార్థించు. నా ప్రార్థనల కంటే నీవి త్వరగా చేరతాయి.

ఇంకా పచ్చచొక్కా విప్పని నీ అన్నయ్య,
హోలిస్

*

డులూత్, మిన్నెసోటా
ఏప్రిల్ 10, 2020

అన్నయ్యా,

నీ ఉత్తరాన్ని గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టి, అప్పుడు చదివాను. నవ్వకు. ఇక్కడ అరటిపళ్ళు కూడా సబ్బునీళ్ళతో కడుగుతున్నాం. మా లెనోరా సరుకులు తెచ్చి వాకిట్లో పెట్టి, కారెక్కి అద్దంలోంచి చెయ్యి ఊపి వెళ్ళిపోతుంది. కడుపున పుట్టిన కూతురు, గడప దాటి లోపలికి రావడం లేదు. మొన్న తలుపుకి అటు అది, ఇటు నేను నిలబడి ఏడ్చుకున్నాం. తర్వాత అదే నవ్వింది, “అమ్మా, నీ ముక్కు అద్దానికి అంటుకుంది” అని. మంచు ఇంకా కరగలేదు.

నీకు ఫోన్ చేశాను. డెస్కు దగ్గరికి నిన్ను ఎవరో తీసుకొచ్చారు కూడా. నేను “అన్నయ్యా, నేను ఓపల్‌ని” అని గొంతు చించుకుంటే, నువ్వు “ఇక్కడ ఆపిల్స్ ఎవరూ అమ్మరమ్మా” అని పెట్టేశావు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఇక ఉత్తరాలే మనకి గతి.

ఒక్క సంగతి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఏ మ్యాచ్ అన్నయ్యా? దేశంలో ఆటలన్నీ ఆపేశారు కదా. బడిపిల్లల పరుగు పందాలు కూడా లేవు. అయినా ఆ కోలబంతి కోసం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కుమ్ముకునేది చలికాలం ముందు కదా, ఏప్రిల్లో ఎక్కడిది? నాకు ఆ ఆట గురించి ఏమీ తెలియదని నువ్వే అంటావు, అందుకే అడుగుతున్నాను.

వెనక వార్డు గురించి నువ్వు రాసింది చదివిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఎవరైనా ఏమైనా అడిగితే ఆలోచించి, నిదానంగా, సరిగ్గా జవాబు చెప్పు. నీ వెటకారం వాళ్ళ దగ్గర చూపించకు. నీకు నోటి దూల ఎక్కువ.

ముక్కు ఇంకా ఎర్రగానే ఉన్న నీ చెల్లెలు,
ఓపల్

*

హార్లన్స్ ఫెర్రీ
ఏప్రిల్ 15, 2020

ఓపల్‌కి,

నేను బాగానే ఉన్నాను.

ఏ మ్యాచ్ అంటావేమిటి? కహాబా, ఆల్డ్రిడ్జ్ మ్యాచ్! ఈ నేల మీద పుట్టి, ఈ నీళ్ళు తాగి, ఆ మాట ఎలా అడగగలిగావు? యాభై ఏళ్ళు మంచులో ఉంటే మెదడు కూడా గడ్డకట్టుకుపోతుంది కాబోలు.

మొన్నటి శనివారం గెలిచాం. బోగ్స్ మోకాలికి పట్టీ కట్టుకునే ఆడాడు, దొర బిడ్డ! నడవ అంతా గుమ్మాల్లో కుర్చీలు. ఎవరూ తమ గుమ్మం దాటరు, గొంతులు మాత్రం దాటతాయి. డెల్ఫీన్ అని మా పగటి నర్సు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కాగితపు పొట్లాల్లో గదిగదికీ పెట్టింది. పచ్చచొక్కా ఉతకనివ్వలేదని నా మీద కోపంగా ఉంది. గెలుస్తున్నప్పుడు చొక్కా ఉతికితే అదృష్టం నీళ్ళలో కొట్టుకుపోతుందని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

గ్రేడీకి చూపు ఆనదు, నాకు వినపడదు. అందుకని నేను చూసింది చూసినట్టు అరుస్తాను, వాడు టీవీలో విన్నది చేతులతో సైగ చేస్తాడు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి లెక్క.

“ఎటు విసిరాడ్రా?” అంటాడు.

“మీవాళ్ళ నెత్తి మీదుగా!” అంటాను.

“అంపైరు అమ్ముడుపోయాడ్రా!” అంటాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, వాడికి ఎప్పుడు ఓడినా తప్పు అంపైరుదే.

ఇంకొక మాట. మ్యాచ్ గురించి ఉత్తరాల్లో నన్ను ఎక్కువ అడగకు. కొన్ని సంగతులు అడగకపోతేనే అందరికీ మేలు. ఇక్కడ కళ్ళు ఎక్కువ. ఇంతకంటే రాయలేను, నువ్వే అర్థం చేసుకో.

పెద్ద మ్యాచ్ ఇరవై అయిదో తారీఖున. దాని గురించి తలుచుకుంటేనే చెమటలు పడుతున్నాయి.

హోలిస్

*

డులూత్
ఏప్రిల్ 20, 2020

అన్నయ్యా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. మెల్లగా చదువు, కోప్పడకు.

లెనోరా చేత కంప్యూటర్లో వెతికించాను. రస్టీ బోగ్స్ కుర్రాడు కాదు అన్నయ్యా. ఆయనకి అరవై ఏడేళ్ళు. మోబీల్‌లో పళ్ళ డాక్టరు, మనవలు ఉన్నారు. ఆయన మోకాలికి పట్టీ కట్టుకుని ఆడింది డెబ్భై మూడులో. నువ్వేమో మొన్నటి శనివారం ఆడాడని రాశావు. పైగా ఇక్కడ కళ్ళు ఎక్కువ, అడగకు, రాయలేను అంటున్నావు. 

అమ్మకి ఎలా మొదలైందో గుర్తుందా? నాన్న పోయిన రెండేళ్ళకి, సాయంత్రం అయ్యేసరికి గేటు దగ్గర నిలబడి నాన్న వచ్చే మిల్లు బస్సు కోసం చూసేది. అప్పుడు కూడా మిగతా పనులన్నీ బాగానే చేసేది, లెక్కలు సరిగ్గానే చెప్పేది. అందుకే మనం పట్టించుకోలేదు. తర్వాత నన్ను కూడా గుర్తుపట్టలేదు. మళ్ళీ అలా ఊరుకోవడం నా వల్ల కాదు.

అందుకని నిన్న మిసెస్ టీగ్‌కి ఫోన్ చేశాను. అంతా చెప్పేశాను. ఆమె చాలా మర్యాదగా మాట్లాడింది. శనివారం డాక్టరు వస్తాడట, చూపిస్తానంది. మందులు మొదలుపెడితే తొందరగా ముదరదట. వెనక వార్డు మాట ఎత్తితే మాత్రం “అది డాక్టరుగారి ఇష్టమండీ” అంది. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. నిన్ను కాపాడటానికి చేశానో, నా చేతులతో నేనే నిన్ను అటు తోశానో తెలియడం లేదు.

మన చిన్నప్పటి గాడిద పేరేమిటి అన్నయ్యా? ఒక్క ముక్క రాయి. తప్పు రాసినా ఫరవాలేదు. కాదు, ఫరవా ఉంది. సరిగ్గా రాయి.

నీ క్షేమం తప్ప ఇంకేమీ వద్దనుకునే
ఓపల్

*

హార్లన్స్ ఫెర్రీ
ఏప్రిల్ 26, 2020

ఓపల్,

ఈ ఉత్తరం మిసెస్ టీగ్ బల్ల మీదికి వెళ్ళలేదు. డెల్ఫీన్ జేబులో పెట్టుకుని ఊళ్ళో పోస్టు చేస్తానంది. అందుకని ‘బాగానే ఉన్నాను’ అని రాయక్కర్లేదు. బాగా లేను.

గాడిద పేరు డచెస్. ఎడమ చెవి చీలి ఉండేది. నీ పూసల టోపీ తినేసింది. చాలా?

నీ ఉత్తరం నిన్న సాయంత్రం నా చేతికి వచ్చింది. డాక్టరు మధ్యాహ్నమే వచ్చి వెళ్ళిపోయాడు. ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే నేను జాగ్రత్తపడేవాణ్ణి.

ఇవన్నీ పాత మ్యాచ్‌లే ఓపల్. కొత్త ఆటలు లేక టీవీవాళ్ళు శనివారం శనివారం డెబ్భైల నాటి మ్యాచ్‌లు వరసగా వేస్తున్నారు. ఆ సంగతి నడవలో అందరికీ తెలుసు. కాకపోతే పాత మ్యాచ్ చూడటానికి మాకో కట్టుబాటు ఉంది. ఆట నడుస్తున్నంతసేపూ అది పాతదని ఎవరూ అనకూడదు. ఎవరు గెలుస్తారో నోరు జారకూడదు. స్కోరు చెప్పేసినవాడి మొహం ఆ తర్వాత ఎవరూ చూడరు. ఇది ఈ హోమ్‌లో పుట్టింది కాదు. మంగలి షాపుల్లో, చర్చి వాకిళ్ళలో ఈ జిల్లా అంతా ఇదే పద్ధతి. నువ్వు కాక ఇంకెవరైనా సరే నా ఉత్తరం చదివి ‘పాత మ్యాచ్ చూస్తున్నాడు ముసలాడు’ అనుకుని ఊరుకునేవాళ్ళు. నువ్వు ఆ ఆట ఎన్నడూ చూడలేదని నేను మరిచిపోయాను. మతి తప్పడం అంటే అదే అయితే నాకు తప్పినట్టే.

అసలు సంగతి ఇది. మొదటి శనివారం ఆట అయ్యాక గ్రేడీ నన్ను పిలిచాడు. “హోలిస్, స్టేడియం కాడ జనం కదిలారా? ఇమొజీన్ ఈపాటికి బయల్దేరి ఉంటదా?” అన్నాడు. ఇమొజీన్ వాడి భార్య. ఆ మ్యాచ్‌లన్నీ స్టేడియంలో కూర్చుని చూసేది, వీడు కొట్టు కట్టేయలేక రేడియోలో వినేవాడు. ఆమె పోయి ఆరేళ్ళయింది. శవపేటిక నేనూ మోశాను.

వాడు మాలా నటించడం లేదని అప్పుడు తెలిసింది. మేం అందరం పాత మ్యాచ్‌ని కొత్తదన్నట్టు నటిస్తుంటే, వాడికి నిజంగానే కొత్తది. నేనేం చేశానో తెలుసా? “ఇంకా లేదురా, దారి అంతా కార్లే. నువ్వు పడుకో, వచ్చేస్తది” అన్నాను. వాడు పడుకున్నాడు. తెల్లారి లేచేసరికి మామూలు మనిషే, గుడ్లు సరిగ్గా ఉడకలేదని డెల్ఫీన్‌తో పోట్లాట. ఆ రోజు నుంచి నడవలో అందరికీ కళ్ళతోనే చెప్పాను, కట్టుబాటు గట్టిగా పట్టుకోండి అని. డెస్కువాళ్ళకి మేం ఇద్దరు పిచ్చి ముసలాళ్ళం, అంతే. వాడి సంగతి తెలిస్తే ఆ పూటే వెనక వార్డు. అందుకే ఉత్తరాల్లో అలా రాశాను. అడగకు అన్నదీ అందుకే.

నిన్నటిది డెబ్భై నాలుగు మ్యాచ్. పెద్దది. ఆఖరి ఘట్టంలో ఉండగా డాక్టరూ మిసెస్ టీగ్ వచ్చి నా గుమ్మంలో నిలబడ్డారు. మొహానికి మాస్కు, దాని మీద ప్లాస్టిక్ రేకు, అరిస్తే తప్ప ఒక్క ముక్క వినపడదు. అతను అరిచాడు. నేను అరిచాను. ఏ సంవత్సరం, ఏ నెల, ఏ ఊరు, అన్నీ చెప్పాను. అప్పుడు టీవీ వైపు వేలు చూపించి, “ఈ ఆట సంగతేంటి తాతా? ఎవరు గెలుస్తారు?” అని అరిచాడు.

నడవ అంతా చప్పుడు ఆగిపోయిందని చెవిటివాడినైనా నాకు తెలిసింది. గ్రేడీ మెడ ఇటు చాపి కూర్చున్నాడు.

“అయ్యాక చెప్తా,” అన్నాను.

డాక్టరు ఏదో రాసుకున్నాడు. మిసెస్ టీగ్ తల అడ్డంగా ఊపి, ఆయనతో ఏదో చెప్పి, నడవ చివర వెనక వార్డు తలుపు వైపు చెయ్యి చూపించింది. ఆ చెయ్యి చూశాను. స్ట్రెచర్లు గుర్తొచ్చాయి. నాకు బతకాలని ఉంది ఓపల్, దేనికని అడిగితే చెప్పలేను, ఉంది.

“డెబ్భై నాలుగు డాక్టరూ!” అని అరిచాను. “నలభై ఆరేళ్ళ కిందటిది! ఒక్క పాయింటుతో కహాబా గెలిచింది! ఆఖర్న ఆల్డ్రిడ్జ్ వాడు తన్నిన బంతి గోలు కర్రల మధ్య పడకుండా పక్కకి పోయింది! ఇక నన్నొదిలెయ్యండి!”

కాగితం మీద రాసి ఇవ్వొచ్చు కదా, తలుపు వెయ్యమని అడగొచ్చు కదా అని నీకు తోచవచ్చు. నాకు రాత్రికి తోచింది.

గ్రేడీకి మాస్కు లేదు. వాడి పెదాలు చదివాను. “నలభై ఆరేళ్ళేంట్రా?” అన్నాడు. “మరి ఇమొజీన్ ఏది?” అన్నాడు.

వాడు లేచి గోడ పట్టుకుంటూ ముందు తలుపు దాకా వెళ్ళి తాళం గుంజాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. డాక్టరుకి ఇక ప్రశ్నలు అడగాల్సిన పని లేకపోయింది. అరగంటలో వాడి దుప్పటి, చెప్పులు సంచీలో వేసి వెనక వార్డుకి తీసుకుపోయారు. టీవీలో మనవాళ్ళు మైదానం మీద గెంతుతున్నారు.

నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాలని కాగితం తీశాను. తిట్టలేకపోతున్నాను. ఫోన్ చేసింది నువ్వు, నోరు విప్పింది నేను.

హోలిస్

*

డులూత్
ఏప్రిల్ 28, 2020

అన్నయ్యా, మా మంచి అన్నయ్యా,

మిసెస్ టీగ్ ఇప్పుడే ఫోన్ చేసింది. నీ బుర్ర బల్లెంలా ఉందట! అవి పాత మ్యాచ్‌లని, ఎప్పుడు ఆడారో ఎంతతో గెలిచారో అన్నీ గడగడా చెప్పావట. డాక్టరే ఆశ్చర్యపోయాడట. నేనెంత వెర్రిదాన్ని! టీవీలో పాతవి వేస్తారని నాకు తట్టనే లేదు. ఫోన్ పెట్టేసి వంటింట్లోనే మోకాళ్ళ మీద కూలబడి దేవుడికి దండం పెట్టుకున్నాను. చాలా రోజుల తర్వాత ఇవాళ కడుపునిండా తిన్నాను. గుడ్లు, బంగాళాదుంపలు, లెనోరా తెచ్చిన కేకు కూడా.

ఇంకొక సంగతి చెప్పింది. నిన్ను చూడటానికి వచ్చినప్పుడే ఇంకెవరో పెద్దాయన పరిస్థితి బయటపడిందట. భార్య పోయిన సంగతే మరిచిపోయాడట, ఎవరికీ తెలియకుండా ఇన్నాళ్ళు ఎలా గడిపాడో అంది. వెంటనే చూసుకునేవాళ్ళ దగ్గరికి మార్చారట. “మీ ఫోన్ పుణ్యమే” అంది. చూశావా, నా పిచ్చి భయం ఇంకొకరికి కూడా మేలు చేసింది.

ఆ గ్రేడీ లోమాక్స్‌కి నా నమస్కారాలు చెప్పు. నీకు అక్కడ ఒక తోడు ఉన్నాడు, అదే నాకు ధైర్యం.

ఇవాళ తేలిగ్గా నిద్రపోబోయే
ఓపల్

*

హార్లన్స్ ఫెర్రీ
మే 3, 2020

ఓపల్,

నీ ఉత్తరమూ నాదీ దారిలో ఎదురుపడి ఉంటాయి. నీ నమస్కారాలు గ్రేడీకి చెప్పలేదు. ఎందుకో ఈపాటికి తెలిసి ఉంటుంది. నిన్ను ఏడిపించడానికి రాయడం లేదు. నీతో పని పడింది. ఇది కూడా డెల్ఫీన్ జేబులోనే వస్తోంది.

నిన్న మళ్ళీ శనివారం. టీవీవాళ్ళు మొదటి మ్యాచ్ నుంచి మళ్ళీ వేస్తున్నారు. గుమ్మాల్లో కుర్చీలు వేశారు, నేను వేసుకోలేదు. ఎవరూ నన్ను పిలవనూ లేదు. కట్టుబాటు తప్పినవాణ్ణి నేనే కదా. ఎదురు గది తలుపు తీసి ఉంది, మంచం మీద పరుపు చుట్టేశారు.

గ్రేడీ అన్నం ముట్టడం లేదట. డెల్ఫీన్ రోజూ అటు వెళ్ళొచ్చి చెబుతోంది. కోటు వేసుకుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, తలుపుకి ఎదురుగా కూర్చుంటాడట. “హోలిస్‌ని అడగమ్మా, జనం కదిలారేమో. వాడికి అంతా కనపడుద్ది” అంటాడట. నేను చేసింది వాడికి గుర్తు లేదు ఓపల్. వాడు నా మీద కోపంగా ఉంటే బాగుండేది.

వాడి పక్క మంచం మనిషికి జ్వరం వచ్చింది, మొన్న తీసుకెళ్ళారు. గ్రేడీకి ఇంకా రాలేదు. డాక్టరుని మళ్ళీ పిలిపించి, ఈసారి కాగితం మీదే మాట్లాడాను. ఒక దారి ఉందన్నాడు. వంటింటి పక్కన టీవీ ఉన్న గది ఒకటి ఖాళీగా ఉంది. పగలూ రాత్రీ కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరుంటే గ్రేడీని అక్కడ ఉంచవచ్చు. అంతమంది నర్సులు లేరు. ఆ మనిషిని నేనవుతానన్నాను. అయితే జబ్బున్న వార్డు నుంచి వస్తున్నాడు కాబట్టి ఇద్దర్నీ కలిపి ఆ గదిలోనే ఉంచి తాళం వేస్తారు, రోగం ఉందో లేదో తేలేదాకా. వాడిలో ఇప్పటికే ఉంటే నాకు వస్తుంది. నా వయసుకి, నా ఊపిరితిత్తులకి వస్తే ఏమవుతుందో డాక్టరు దాచకుండా రాసి చూపించాడు. దగ్గరి చుట్టం ఒప్పుకుంటూ సంతకం పెట్టాలట. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? కాగితం ఇందులో పెడుతున్నాను.

దీన్ని ధైర్యం అనుకోకు. రాత్రుళ్ళు నా పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. నువ్వు సంతకం పెట్టకపోతే లోలోపల నాకు హాయిగా ఉంటుంది, ఆ మాట కూడా నీ దగ్గర దాచను. కానీ వాడికి కళ్ళు లేవు, అక్కడ వాడికి ఆట చెప్పేవాళ్ళు లేరు. వాడి కళ్ళు నావే కదా, అవి ఇక్కడ ఊరికే కూర్చుని గోడ చూస్తున్నాయి.

నువ్వే తేల్చు. తేల్చే బరువు నీ మీద పెడుతున్నందుకు క్షమించు.

హోలిస్

*

డులూత్
మే 7, 2020

అన్నయ్యా,

నీ ఏప్రిల్ ఉత్తరం నాకు కేకు ముక్కలు ఇంకా బల్ల మీద ఉండగానే వచ్చింది. మిగిలింది చెత్తబుట్టలో పారేశాను. దాని గురించి ఇక రాయలేను.

నీ రెండో ఉత్తరం నిన్న వచ్చింది. నిన్నంతా నీ మీద కోపంతో ఇల్లు తుడిచాను. తుడిచిందే తుడిచాను. ఆల్డ్రిడ్జ్ వాడి కోసం చస్తావా అని గట్టిగా పైకే అన్నాను, వినేవాళ్ళు లేకపోయినా. లెనోరా ఫోన్లో “అమ్మా, పెట్టకు, పెట్టకపోతే నిన్నెవరూ ఏమీ అనరు” అంది. నిజమే, ఎవరూ ఏమీ అనరు. నువ్వు కూడా అనవు. సంతోషిస్తావు కూడా, రాశావుగా.

మొదట ఈ కాగితం దాచేసి, పోస్టులో పోయిందని రాద్దామనుకున్నాను. ఆ అబద్ధం వాక్యం కూడా మనసులో కుదిరింది. తర్వాత ఆ టోపీ ఒళ్ళో పెట్టుకున్న మనిషి కళ్ళకి కట్టాడు. అమ్మ గేటు దగ్గర నిలబడ్డప్పుడు “బస్సు ఇంకా రాలేదమ్మా, లోపలికి రా, వచ్చేస్తది” అని చెప్పడానికి మనలో ఒక్కరికీ నోరు రాలేదు. “నాన్న పోయాడమ్మా” అని రోజూ చెప్పాం. రోజూ కొత్తగా ఏడిపించాం. నువ్వు ఈ వయసులో ఆ మాట నేర్చుకున్నావు.

సంతకం పెట్టాను. నా పేరు నాకే పోల్చుకోవడానికి వీల్లేకుండా పడింది, వాళ్ళు ఒప్పుకోకపోతే మళ్ళీ పెడతాను. లెనోరా దాన్ని ఇవాళే మిసెస్ టీగ్‌కి ఫాక్సులో పంపింది. శుక్రవారం మిమ్మల్ని ఆ గదిలోకి మారుస్తామని ఆమె ఫోన్ చేసింది. అంటే ఈ ఉత్తరం నీకు చేరేసరికి తలుపుకి తాళం పడి ఉంటుంది. ఈ కవరు తలుపు కిందనుంచి తోయమని డెల్ఫీన్‌కి చెప్పాను.

ఇది చేరాక కూడా శనివారాలు వస్తాయి. మీ మ్యాచ్ వస్తుంది, నువ్వు అరుస్తావు. గట్టిగా అరువు, కానీ దగ్గు వస్తే ఆపు. మంచినీళ్ళు పక్కన పెట్టుకో. కిటికీ ఉంటే తెరిచి పెట్టు. వాడు అడిగినప్పుడు జనం ఇంకా కదల్లేదని చెప్పు.

నాకు చాలా భయంగా ఉంది అన్నయ్యా. పెట్టిన సంతకాన్ని ఇప్పటికీ వెనక్కి లాక్కోవాలని ఉంది.

మ్యాచ్‌లో ఎవరు గెలిచారో నాకు రాయకు. నాకు అక్కర్లేదు. ఆదివారం నాడు నా పేరూ చిరునామా నీ చేత్తో రాసి ఒక కవరు పోస్టు చేయించు. లోపల ఖాళీ కాగితం ఉన్నా సరే.

ఓపల్